ఆ ఫ్లెక్సీ మేటర్ మార్చండి: మా ఊరి సంక్రాంతి కమిటీకి బహిరంగ లేఖ

కమిటీ పెద్దలకూ, కుర్రాళ్ళకూ నమస్కారం.

బుధవారం రాత్రి మీరు వాట్సాప్‌లో పంపిన మేటర్ అందింది. ఇరవై అడుగులకి ఎనిమిది. పైన ఎర్రక్షరాలతో ‘అశ్రునివాళి’. దాని కింద ‘కిడ్నీ మహమ్మారికి బలైపోయిన మన ఊరి ఆణిముత్యాలు’. ఆ కింద ఈ ఏడాది పోయిన పదకొండు మంది పేర్లు, పేరు పక్కన వయసు, వయసు పక్కన జబ్బు. అట్టడుగున కమిటీ వాళ్ళ ఫొటోలు తొమ్మిది. భోగి నాటికి రామమందిరం ఎదురుగా కట్టేయాలి, రేటు చూసి వెయ్యమన్నారు.

రేటు వద్దు. ఈ ఫ్లెక్సీకి నా డిజైన్ డబ్బులు నేను తీసుకోను. కానీ ఈ మేటర్‌ని మాత్రం ప్రింటుకి పంపను.

ఈ మాట ముఖం మీదే చెప్పాలని గురువారం పొద్దున్న మందిరం అరుగు దగ్గరికి వచ్చాను. మీలో ఒకరు నవ్వుతూ, “నువ్వు ఫ్లెక్సీలు కొట్టేవోడివి, కొట్టు బాబూ” అన్నారు. అందులో తప్పు లేదు, నేను చేసే పని అదే. కాకపోతే ఆ పదకొండు ఇళ్ళవాళ్ళలో సగం మంది ఊళ్ళో లేరు. విశాఖలో, హైదరాబాద్‌లో, చేపల వేటకెళ్ళి గుజరాత్ వేరావల్‌లో ఉన్నారు. పండక్కి వచ్చి మందిరం ముందు నిలబడి ఆ అక్షరాలు చదివేది వాళ్ళే. వాళ్ళకీ తెలియాలని ఇలా అందరికీ కనపడేలా రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయడం లేదు. ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు, బయటివాళ్ళకి అక్కర్లేదు.

జంక్షన్‌లో ఈ కొట్టు పెట్టి పద్నాలుగేళ్ళయింది. జిరాక్సులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పెళ్ళికార్డులు, ఫ్లెక్సీ డిజైన్లు. ప్రింటు సోంపేటలో, డిజైన్ నాది. చెప్పుకోడానికి బాగోదు గానీ, పెళ్ళి ఫ్లెక్సీలకంటే చావు ఫ్లెక్సీలే ఎక్కువ చేశాను. నా కంప్యూటర్‌లో ‘నివాళి’ అని ఒక ఫోల్డర్ ఉంది. మబ్బులు, వెలిగే దీపం, బంతిపూల దండ, రెండు తెల్ల పావురాలు అన్నీ అందులో రెడీగా ఉంటాయి. ఫొటో పెట్టి పేరు మార్చడమే, పావుగంట పని. ‘మీ ఆశయాలు కొనసాగిస్తాం’ అనే లైను కూడా అందులోనే ఉంది. దాన్ని ఎవరూ అడగరు. ఖాళీ కనపడకుండా నేనే వేసేస్తుంటాను. ఒకసారి ఎనభై దాటిన మామ్మకి కూడా వేశాను. ఆవిడ మనవడు చదివి, “మా మామ్మకి ఆశయమేటన్నా, చిక్కుడు పాదులో మేకలు దూరకూడదనే కదా” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పటికీ ఆ లైను కనపడితే నాకు మేకలే గుర్తొస్తాయి.

కాబట్టి ఈ తప్పులో నాకూ వాటా ఉంది. మీకు మాత్రమే బుద్ధులు చెబుతున్నానని అనుకోవద్దు.

ముందు హెడ్డింగ్ సంగతి చూడండి. పదకొండు మందిలో కిడ్నీతో పోయినవాళ్ళు ఆరుగురు. ఒకరు గుండెపోటు, ఒక కుర్రాడు హైవే మీద యాక్సిడెంట్, ఇంకొకరు కాన్సర్, ఒకాయన తాగి తాగి పోయాడు, ఎనభై ఎనిమిదేళ్ళ మామ్మ పక్కన మీరు ‘ముసలితనం’ అని రాశారు. ముసలితనాన్ని కూడా జబ్బుల కాలమ్‌లో వేశారు, సరే. కానీ అందర్నీ కలిపి కిడ్నీ కింద ఎలా జమ కట్టారు? మన ఈ ఉద్దానం ప్రాంతం అంటే బయటివాళ్ళు అలాగే అనుకుంటారు. టీవీ వాళ్ళు వచ్చినా, పెద్ద పెద్ద డాక్టర్లు వచ్చినా, నాయకులు వచ్చినా మన దగ్గర చూసేది అదొక్కటే. మన బావుల్లో నీళ్ళు పట్టుకెళ్ళారు, మన రక్తం పట్టుకెళ్ళారు, ముప్ఫై ఏళ్ళయినా ‘కారణం ఇదీ’ అని ఇంతవరకూ ఒక్కటి తేల్చి చెప్పలేదు. వాళ్ళకి మనం కేసులం. మనకి మనం కూడా కేసులమే అయిపోతే ఎలా?

ఫొటోలు ఇంకా ఘోరం. మనిషి పోయిన గంటలో ఫొటో కావాలంటే ఇంట్లో దొరికేది ఆధార్ కార్డు, అది కాకపోతే ఆస్పత్రి ఫైల్లో అంటించిన పాస్‌పోర్టు సైజు. కిడ్నీ జబ్బు ముదిరాక ముఖం ఉబ్బుతుంది, కళ్ళ కింద సంచులు దిగుతాయి, ఒంటి రంగే మారిపోతుంది. ఆ ముఖాన్ని నాలుగడుగులకి పెంచి వీధి మొగలో కడుతున్నాం. మొన్న వేసవిలో ఒక ఫ్లెక్సీ ముందు వేరావల్ నుంచి దిగిన మనిషి బ్యాగు భుజాన వేసుకుని నిలబడిపోయాడు. పోయినాయనా అతనూ ఒకే బోటు మీద పదేళ్ళు వెళ్ళినవాళ్ళు. కింద పేరు చదివి గానీ పోల్చుకోలేకపోయాడు.

ఇక మీ లిస్టు.

మొదటి పేరు కొబ్బరి దింపే పెద్దాయనది. పక్కన ‘67, కిడ్నీ’.

ఆయన చెట్టెక్కడం ఈ ఊళ్ళో చూడనివాళ్ళు లేరు. కాళ్ళకి తాడు, నడుముకి కత్తి, పైకి పాకుతున్నంతసేపూ చెట్టుతో కబుర్లు. “ఉండవే, వచ్చేస్తన్నా” అనేవాడు, గేదెని అదిలించినట్టు. గెల దగ్గరికి చేరాక కత్తి తిరగేసి కాయ మీద టక్కుమని కొట్టి, ఆ చప్పుడుతోనే నీళ్ళకాయో ముదురుకాయో కిందికి చెప్పేవాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారి తిత్లీ తుఫాను మన మీద పడినప్పుడు ఎలా ఉందో మళ్ళీ చెప్పక్కర్లేదు. ఆ పొద్దున్న ఎవరి తోటలోకి వాళ్ళు వెళ్ళడానికే భయపడ్డాం. చెట్లు అడ్డంగా ఒకదాని మీద ఒకటి, గట్లు కూడా కనపడవు. నష్టం రాసుకోడానికి అధికారులు వచ్చేసరికి ఎవరి చెట్టు ఏదో తేల్చేవాడు కావాలి. తేల్చింది ఈయనే. వేళ్ళతో లేచిపోయిన మొదలు చూసి, “ఇది ఆళ్ళ గట్టుమీద చెట్టు, పైన ఎడమకి వొంగుండీది” అని చెప్పేవాడు. తన జీవితమంతా పైనుంచి చూసిన తోట కదా, కింద పడినా గుర్తుపట్టాడు. ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు. లెక్క దగ్గర ఊళ్ళో గొడవ కాకుండా పోయిందంటే ఆయన వల్లే.

మరుసటి ఏడు తన అరెకరంలో మళ్ళీ మొక్కలు పెట్టాడు. అరవై దాటిన మనిషి. “కాపుకొచ్చేసరికి నువ్వుంటావేటి” అని జనం ఆటపట్టించారు. “ఉంటే తాగుతాను, నేకపోతే మా ఆడది అమ్ముకుంటాది” అన్నాడు. మొదటి గెల ఈ శ్రావణంలో దిగింది. అప్పటికి ఆయనకి డయాలసిస్ మొదలైంది, కొబ్బరినీళ్ళు ముట్టుకోవద్దన్నారు. కిడ్నీ పనిచెయ్యని ఒంట్లో పొటాషియం పేరుకుపోతుందట, అది గుండెని ఆపేస్తుందట. ఊరందరి చెట్లూ దింపిన మనిషి తన చెట్టు కాయ కొట్టించి, గ్లాసులో పోయించి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మనవడికి ఇచ్చేశాడు. ఇది ఆయన భార్య నా కొట్లో కూర్చుని చెప్పింది, పింఛను కాగితం జిరాక్సు తీసుకుంటూ.

ఇదంతా ‘67, కిడ్నీ’ అన్న చోట ఎక్కడ పట్టిస్తారు?

నాలుగో పేరు జీడిపిక్కలు కొట్టే అప్పది. పలాసలో చాలా ఏళ్ళు పనిచేసి, తర్వాత ఇంటి దగ్గరే పిక్క కొట్టేది. జీడి జిగురు తగిలి తగిలి ఆవిడ వేళ్ళు నల్లగా, చెక్కలాగా ఉండేవి. ఒకసారి నా కొట్టుకి వేలిముద్ర వెయ్యడానికి వచ్చింది. మిషన్ మీద పది వేళ్ళూ ఒకటొకటిగా పెట్టాం. పడలేదు. చెయ్యి కడిగించి, తుడిపించి, కొబ్బరినూనె రాయించి మళ్ళీ పెట్టాం. పడలేదు. అరగంట అయ్యాక ఆవిడే నవ్వేసి, “నానున్నానని ఈ పెట్టిని నమ్మించలేకపోతన్నాం బాబూ” అంది. ఆఖరికి కంటిపాపతో అయింది. నల్లటి చేతులని పెళ్ళిళ్ళలో వడ్డనకి ఎప్పుడూ ముందుకి వచ్చేది కాదు, వెనక నిలబడేది. కానీ ఈ ఊళ్ళో ఏ పెళ్ళికైనా పాయసంలోకి ఏ పప్పు, కూరలోకి ఏ పప్పు, ఎన్ని కేజీలు అన్నది ఆవిడని అడక్కుండా కొన్నవాళ్ళని చూపించండి. చీకట్లో కూర్చోబెట్టినా విరగని పప్పు ఒక బుట్టలో, బద్ద ఒక బుట్టలో పడేది. కొనేవాడు మోసం చేస్తే చేతి తూకంలోనే కనిపెట్టేది. ఆవిడ విషయం చివర్లో మళ్ళీ చెబుతాను, ఎందుకంటే ఆవిడకి ఫొటో లేదు.

వేరావల్ బావ గురించి మీకు నేను చెప్పేదేముంది. ఆగస్టులో వెళ్ళి ఎండాకాలానికి ఇల్లు చేరే మనిషి, ఈసారి పెట్టెలో వచ్చాడు. అక్కడే బోటు మీద గుండె ఆగిపోయింది. ఒక్క సంగతి మాత్రం మీకు తెలియదనుకుంటాను. 2018 చివర్లో మన ఉత్తరాంధ్ర జాలర్లని పాకిస్తాన్ పట్టుకుపోయింది గుర్తుంది కదా, 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలారు. ఆ ఏడాది పైచిలుకూ ఈయన ఊళ్ళో ఉన్నప్పుడల్లా పేపర్లో ఆ వార్త ఏ మూల కనపడినా కత్తిరించి నా దగ్గర జిరాక్సులు తీయించేవాడు. అటు శ్రీకాకుళం వైపు ఊళ్ళలో, చదువురాని ఆడవాళ్ళున్న ఇళ్ళకి బస్సులో వెళ్ళి చదివి వినిపించి, ఆ కాగితం వాళ్ళ చేతిలో పెట్టి వచ్చేవాడు. వాళ్ళలో ఎవరూ చుట్టాలు కాదు. ఒకే రేవులో పక్క పక్క బోట్లవాళ్ళు, అంతే. జిరాక్సు డబ్బులు నేను వద్దన్నా ఇచ్చేవాడు. ఇప్పుడు అనిపిస్తుంది, గట్టిగా వద్దనాల్సింది.

మామ్మ దగ్గర ‘ముసలితనం’ కొట్టేసి ఏం రాయాలో నన్నడిగితే చెబుతాను: తిట్టేది తెలుగులో, లెక్కపెట్టేది ఒడియాలో. కోపం తెలుగులో వచ్చేది, డబ్బులు ఒడియాలో వచ్చేవి. ఇచ్ఛాపురం అవతల నుంచి పదమూడేళ్ళకి ఈ ఊరికి కోడలుగా వచ్చి, చచ్చేదాకా చుట్ట నిప్పు నోట్లోకే పెట్టుకుని అడ్డపొగ తాగింది. ఆవిడ పేరు రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంది. మీ లిస్టులో నాలుగో రకంగా ఉంది. కొడుకుని అడిగి రాయండి.

చుట్ట అంటే గుర్తొచ్చింది. మరణం రిజిస్టర్ చెయ్యడానికి ఇరవై ఒక్క రోజుల గడువు ఉంటుంది, 1969 నాటి చట్టం. ఆ రిపోర్టు ఫారం నింపించుకోడానికి చాలామంది నా దగ్గరికే వస్తారు. అందులో ప్రశ్నలు ఎప్పుడైనా చదివారా? పేరు, వయసు, చోటు, చావుకి కారణం అయ్యాక, పొగ తాగే అలవాటుంటే ఎన్నేళ్ళ నుంచి, పొగాకు నమిలితే ఎన్నేళ్ళ నుంచి, వక్క నమిలితే ఎన్నేళ్ళు, మందు తాగితే ఎన్నేళ్ళు అని అడుగుతారు. మామ్మ కొడుకు ఆ గడి దగ్గర ఆగి, వేళ్ళు లెక్కపెట్టి, “డెబ్బై అయిదేళ్ళు రాసెయ్” అన్నాడు. రాశాను. ప్రభుత్వానికి ఆ లెక్కలు కావాలి, అడగడంలో తప్పేం లేదు. జబ్బుల లెక్క తేలేది అలాంటి కాగితాల్లోంచే. కానీ ఆ కాగితం ఆఫీసులో ఉంటుంది. మందిరం ముందు కట్టే గుడ్డ మీద కూడా అదే ఫారం నింపుతున్నాం మనం.

యాక్సిడెంట్‌లో పోయిన కుర్రాడి విషయంలో వాళ్ళమ్మ ఫొటో వద్దంది. వెయ్యొద్దు. దాని మీద చర్చ లేదు.

ఏడో పేరు మా అమ్మది. ‘61, కిడ్నీ’.

ఆ ఫ్లెక్సీ నేనే చేశాను. దహనం అయి వచ్చి, స్నానం చేసి, రాత్రి కొట్టు తీశాను. ఆధార్ ఫొటో పెద్దది చేసి చూస్తే ఆ ఉబ్బిన ముఖం నావల్ల కాలేదు. సాఫ్ట్‌వేర్‌లో చెంపలు కాస్త లోపలికి నెట్టాను, కళ్ళ కింద సంచులు చెరిపాను, రంగు తేల్చాను. గంటసేపు చేశాక చూస్తే అచ్చం మా పెద్దమ్మలా ఉంది. మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను. రెండోసారి ఎవరిలానూ లేదు. తెల్లారిపోతోందని దాన్నే పంపేశాను. పెద్దకర్మ దాకా అది నా కొట్టు ఎదురుగానే ఉంది. అన్ని రోజులూ తలెత్తకుండా పనిచేశాను.

తర్వాత మా చిన్నాన్న కూతురి పెళ్ళి ఆల్బమ్ తిరగేస్తుంటే ఒక ఫొటో దొరికింది. పెళ్ళింటి వెనక, తాటాకు పందిట్లో, నూనె రాసుకున్న చేతులతో అమ్మ పనసపొట్టు కొడుతోంది. ఒక చేత్తో కాయ తిప్పుతూ ఒక చేత్తో కత్తి వేస్తోంది. ఫొటోగ్రాఫర్ని ‘పోరా’ అంటున్నట్టుంది, నోరు తెరిచే ఉంది. పమిట చెంగు దోపుకుని, ముక్కు మీద పొట్టు ముక్క అంటుకుని ఉంది. పాతికేళ్ళు ఈ ఊరి పెళ్ళిళ్ళలో పనసపొట్టు అమ్మే కొట్టింది. ఎవరైనా మిక్సీలో వేస్తామంటే, “అది కూర కాదు, గంజి” అనేది.

అమ్మకి రెండున్నరేళ్ళు డయాలసిస్ జరిగింది. వారానికి మూడు సార్లు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగ్గంటలు మిషన్ పక్కన. చిన్న స్టీలు గ్లాసుతో రోజు మొత్తానికి నీళ్ళు కొలుచుకుని తాగేది, ఆ గ్లాసు ఇప్పటికీ గూట్లోనే ఉంది. ఇంటికొచ్చాక ఆ హాల్లోవాళ్ళ కబుర్లు చెప్పేది. ఫలానా మంచం మీదావిడకి ఇద్దరు కోడళ్ళట, పడదట. ఇంకొకాయన మందస సంతలో ఎడ్ల బేరాలు చేసేవాడట, అబద్ధాలు బాగా చెబుతాడట. ఒకావిడ మంచం ఖాళీ అయిన రోజు వచ్చి, ఆవిడ చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వేసేదో చెప్పింది. రెండున్నరేళ్ళలో కిడ్నీ రక్తపరీక్షలో ఎవరి క్రియాటినిన్ ఎంతో అమ్మ నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను అడిగితే, “అందరిదీ అదే కదరా, చెప్పడానికేటున్నాది” అంది.

మీ మేటర్ చూసినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. అందరిదీ ఒకటే జబ్బైన చోట, జబ్బు పేరు చెబితే మనిషి ఎవరో ఎలా తెలుస్తుంది? ఆ హాల్లో పడుకున్నవాళ్ళకే అది తెలుసు.

అరుగు మీద మీలో చదువుకున్న కుర్రాడొకడు మంచి ప్రశ్నే వేశాడు. జబ్బు రాయకపోతే ప్రభుత్వం మర్చిపోతుంది కదా అన్నా, గట్టిగా రాస్తేనే కదా పనులయ్యేవి అన్నాడు. నిజమే. అడిగితేనే డయాలసిస్ వాళ్ళకి పదివేల పింఛను వచ్చింది, అడిగితేనే హిరమండలం నుంచి నీళ్ళ పైపులు వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో రెండొందల పడకల ఆస్పత్రి తెరిచారు. ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. కలెక్టర్ గారికి ఇచ్చే అర్జీలో ఆరుగురి పేర్లూ, జబ్బూ, ఎన్నేళ్ళు బాధపడ్డారో, ఎంత ఖర్చయిందో అన్నీ రాద్దాం. టైపింగ్ నాది, ఫ్రీ. ఎన్ని కాపీలు కావాలంటే అన్ని. కానీ అర్జీ వేరు, పండగ వేరు. మనకి సంక్రాంతి అంటే పెద్ద పండగ. పెద్దలకి కొత్త బట్టలు పెట్టే రోజు. చీర పెడుతూ ‘మా అమ్మ, కిడ్నీ’ అని ఎవరైనా అంటారా? ఆవిడకి ఏ రంగు ఇష్టమో చూసి పెడతాం. మా అమ్మకి చిలకపచ్చ.

శ్రీముఖలింగం వెళ్ళినప్పుడు గుడి గోడల మీద అక్షరాలు చూసే ఉంటారు. గాంగుల కాలం నాటి శాసనాలు. దేవుడికి దీపం పెట్టడానికి ఫలానావాళ్ళు దానం ఇచ్చారు అని పేర్లతో సహా చెక్కించారు. వాళ్ళంతా ఏదో ఒక జబ్బుతోనే పోయుంటారు. అది ఎవడూ చెక్కలేదు.

ఇక తాగి పోయినాయన. మీ లిస్టులో ఆయన్ని కూడా ఆణిముత్యం చేశారు. నాకు 340 రూపాయలు బాకీ, అది పోనివ్వండి. ఆ ఇంట్లో ఆడపిల్లలు రాత్రిళ్ళు పక్కింట్లో పడుకునేవాళ్ళని మీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను ఆయన గురించి ఏం రాయాలో వాళ్ళావిడని అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, “పేరు రాయి చాలు” అంది. సరే, పేరు ఒక్కటే రాద్దాం. ఆణిముత్యాలు అన్న మాట తీసేద్దాం. అది ఉంటే ఆ పిల్లలు మందిరం ముందు నుంచి నడవలేరు. మిగతావాళ్ళకి కూడా ఆ మాట అవసరం లేదు, పనసపొట్టు కొట్టేవాళ్ళు పనసపొట్టు కొట్టేవాళ్ళే.

మిగిలిన నలుగురి గురించి నాకు తెలిసింది తక్కువ. తెలియకుండా రాయను. అందుకే మీ సాయం కావాలి.

నేను అడిగేది ఇంతే. జబ్బుల కాలమ్ తీసేయండి. ఆ చోట ప్రతి మనిషి గురించి రెండు మూడు లైన్లు ఉండాలి, ఆ మనిషిని ఎరిగినవాళ్ళు చెప్పినవి. గొప్పవే చెప్పక్కర్లేదు. ఏ కూర బాగా వండేవారు, ఎవరితో పోట్లాడేవారు, ఏ చెట్టు పెట్టారు. జబ్బు రాకముందు ఫొటో వెతకండి. పెళ్ళి ఆల్బమ్‌లు, గ్రూప్ ఫొటోలు, పాత ఓటరు కార్డులు ఏవైనా సరే, చిరిగినా పర్లేదు, నేను స్కాన్ చేసి అక్కడే తిరిగి ఇచ్చేస్తాను. ఇప్పటి మేటర్‌లో పోయినవాళ్ళ ఫొటోలు అడుగున్నర, మీ ఫొటోలు రెండడుగులు ఉన్నాయి. కొలిచే చెబుతున్నాను. మీ తొమ్మిది పేర్లూ కింద ఒక లైనులో వేస్తాను. అలగకండి.

ఇంకోటి. ఫ్లెక్సీ కనుమ వెళ్ళాక ఎవరో ఒకరు దింపి పశువుల పాక మీద కప్పుతారు. వానకి బాగా ఆగుతుంది కాబట్టి తప్పు పట్టను, మా పాక మీద కూడా రెండున్నాయి. అందుకని ఆ లైన్లే ఒక గట్టి అట్ట నోట్‌బుక్‌లో కూడా రాయించి మందిరంలో హారతి పళ్ళెం పెట్టే బీరువాలో ఉంచుదాం. నోట్‌బుక్ కొన్నాను, రెండు వందల పేజీలది. మొదటి పేజీ ఖాళీగా వదిలాను. మీ పిల్లల్లో చేతిరాత బాగున్న గుంట ఎవరైనా ఉంటే పంపండి, నా రాత నాకే అర్థం కాదు.

ఇక జీడిపిక్కల అప్ప ఫొటో. ఇంట్లో లేదు, కూతుళ్ళ ఫోన్లలో ఉన్నవన్నీ ఆస్పత్రిలో తీసినవే. ఆధార్ ఫొటోలో కళ్ళు మూసుకుంది. కానీ చాలా ఏళ్ళ కిందట డ్వాక్రా గ్రూపు వాళ్ళంతా బడి మెట్ల మీద కూర్చుని ఒక ఫొటో దిగారు, ఒకేరకం ఊదా రంగు చీరల్లో. ఆ రోజు ఫొటోగ్రాఫర్ పక్కన గొడుగు పట్టుకున్నది నేనే. అది గ్రూపులో ప్రతి ఒక్కరికీ ఒక కాపీ ఇచ్చారు. పన్నెండిళ్ళలో ఎక్కడో ఒక చోట ఉండే ఉంటుంది, గోడ మీదో, పెట్టె అడుగునో, దేవుడి పటం వెనకో. కింది వరసలో ఎడమ నుంచి మూడో మనిషి ఆవిడ. చేతులు చీర కుచ్చిళ్ళ కింద దాచుకుని ఉంటుంది. దొరికినవాళ్ళు సోమవారం లోపల తెచ్చివ్వండి. మంగళవారం పొద్దున్న మేటర్ సోంపేట వెళ్ళాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా కొట్టు మూసి ఉంటుంది, పక్కన టీ బండి దగ్గర ఇచ్చినా నాకు చేరుతుంది.

ఇట్లు
మీ ఊరి జంక్షన్ జిరాక్సు కొట్టువాడు
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా